పాడి ప్రశ్నలు: ఎగచేపు, దాణా వేళ, ఇంజెక్షన్ల గొడవ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పశువు పాలు ఎగచేపుతోంది (అంటే కిందికి వదలకుండా లోపలే ఆపుకుంటోంది), దాణా ఎప్పుడు పెట్టాలి, ఇంజెక్షన్ వేయించొచ్చా, ఈనాక ఎదకు రావడం లేదు ఏం చేయాలి. పైకి వేరు వేరుగా కనిపించినా వీటన్నిటి వెనకా ఉన్నది పశువు ఒంట్లో తిరిగే హార్మోన్లే. ఆ హార్మోన్లను రోజూ కదిలించేది మనం పెట్టే మేత, మనం పితికే తీరు. అందుకే అన్నీ ఒకచోట చేర్చి రాస్తున్నాను. మందుల షాపుకు పరుగెత్తే ముందు కొట్టంలో రోజూ జరిగే పనిని సరిచూసుకోండి, ఈసారి నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

ప్రశ్న (పలమనేరు నుంచి ఒక సోదరి): డాక్టర్ గారూ, మాకు రెండు హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్నాయి. మా అత్తమ్మ పితికితే పూటకు ఆరు లీటర్ల దాకా వస్తాయి, అదే ఆవును నేను పితికితే అయిదు దాటవు. పొద్దున పిల్లల్ని స్కూలుకు పంపే తొందర నాకు. మా ఆయన దాణా ముందే పెట్టెయ్యి, లేకపోతే పితికేటప్పుడు కదులుతుంది అంటారు. అత్తమ్మ మాత్రం దాణా బకెట్ ఆవు ముందు పెట్టాకే పితకడానికి కూర్చుంటుంది. ఎవరిది రైటు?

జవాబు: మీ అత్తమ్మదే రైటమ్మా. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఇది అర్థమైతే కింద ఉన్న సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

పొదుగు నిండుగా కనిపిస్తే పాలు కిందికి దిగి సిద్ధంగా ఉన్నాయని, లాగితే వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. మనం పితకడానికి కూర్చునే సమయానికి ఆవు పొదుగులోని పాలలో సుమారు 20 శాతమే చన్నుల పైన ఉండే ఖాళీలోకి దిగి ఉంటాయి. మిగతా 80 శాతం లోపల ద్రాక్షగుత్తుల్లా ఉండే బుల్లి బుల్లి పాల తిత్తుల్లోనే ఉంటాయి. ఆ తిత్తుల చుట్టూ సన్నని కండర కణాలు అల్లుకుని ఉంటాయి, అవి బిగిస్తేనే పాలు కిందికి వస్తాయి. బిగించమని కబురు పెట్టేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. అది తయారయ్యేది పొదుగులో కాదు, మెదడులో. దూడ మూతి తగిలినా, మన చెయ్యి తగిలినా ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది, అప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలో పడి పొదుగుకు వస్తుంది. పశువు చేపడం అంటే ఇదే. ఆవుల్లో దీనికి సుమారు ఒక నిమిషం పడుతుంది. ఈని చాలా నెలలైన ఆవైనా, పొదుగు సరిగా నిండకుండానే పితికినా ఇంకొంచెం ఆలస్యమవుతుంది.

ఇక దాణా. చన్నులు తాకితేనే కాదు, మేత తినడం వల్ల కూడా ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. నోట్లో మేత పడి, కడుపులోకి దిగుతుంటే అక్కడి నరాల నుంచి మెదడుకు వెళ్ళే కబురు కూడా ఈ హార్మోన్‌నే కదిలిస్తుంది. స్వీడన్ పరిశోధకులు 1990లలో దీన్ని బాగా పరీక్షించారు. పితికే ముందు దాణా పెట్టి, పితికిన తర్వాత పెట్టి, పితుకుతున్నప్పుడే పెట్టి చూస్తే, తింటూ పాలిచ్చిన ఆవుల రక్తంలో ఆక్సిటోసిన్ ఎక్కువగా కనిపించింది, పాల ధార వేగం పెరిగింది, పితకడం త్వరగా అయిపోయింది. తర్వాత మన ముర్రా గేదెల మీద చేసిన పనిలో కూడా పితికేటప్పుడు దాణా తింటుంటే చేపు బాగా వస్తుందని తేలింది. ఇవేవీ తెలియకుండానే మన పెద్దవాళ్ళు తవుడూ చిట్టూ కలిపిన కుడితి గోలెం ముందుపెట్టి పితికేవాళ్ళు. మీ అత్తమ్మ చేస్తున్నదీ అదే.

రెండోది మీ తొందర. తప్పు పట్టడం లేదమ్మా, పిల్లలున్న ఇంట్లో పొద్దుటిపూట ఎలా ఉంటుందో తెలుసు. కానీ ఆవు బెదిరినా, కంగారుపడినా, దెబ్బ తిన్నా అడ్రినలిన్ విడుదలవుతుంది. అది పొదుగులోని రక్తనాళాలను బిగిస్తుంది, దాంతో ఆక్సిటోసిన్ ఉన్నా పొదుగుకు సరిగా అందదు. భయం ఎక్కువైతే మెదడు అసలు ఆక్సిటోసిన్ వదలడమే మానేస్తుంది. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవు దగ్గర కాగితపు సంచులు పేల్చి, దాన్ని బెదరగొట్టి మరీ ఈ సంగతి చూపించారు. బెదిరిన ఆవు మళ్ళీ కుదుటపడటానికి అరగంట దాకా పట్టొచ్చు. అందుకే కొట్టంలో కేకలు, కర్ర, కుక్క, కొత్త మనుషులు, ఏవీ పితికే వేళ ఉండకూడదు.

మీరు చేయాల్సింది ఇది. రోజూ ఒకే వేళకు కూర్చోండి. దాణా బకెట్ ముందు పెట్టండి. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, పొడి గుడ్డతో తుడవండి, ఆ తుడవడమే చేపుకు పిలుపు. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో పిండి, గడ్డలు గానీ నీరు గానీ కనిపిస్తున్నాయా చూడండి. చేపు రాగానే గుప్పెటంతా వేసి పితకండి, బొటనవేలు మడిచి లాగితే చన్నులు దెబ్బతింటాయి, నొప్పికి ఆవు కాలు విసురుతుంది, మళ్ళీ అడ్రినలిన్ కథే. ఆక్సిటోసిన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది, మనం పితుకుతూ ఉన్నంతసేపే మెదడు కొత్తగా వదులుతూ ఉంటుంది. కాబట్టి మధ్యలో లేచి పొయ్యి మీది పాలో, పిల్లాడి టిఫిన్ బాక్సో చూసుకుని వచ్చి కూర్చుంటే అప్పటికి చేపు పోయి ఉంటుంది. ఆరేడు నిమిషాల్లో ఏకబిగిన ముగించండి.

ఇంకో సంగతి. దాణా అంతా పితికే ముందే పెట్టేస్తే ఆవు తినేసి, పితకడం అవ్వగానే పడుకుంటుంది. పితికాక చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంటకు పైనే పడుతుంది, ఆ లోపల పేడలో పడుకుంటే పొదుగువాపు క్రిములు లోపలికి పోతాయి. అందుకని దాణా పితికేటప్పుడు, పచ్చగడ్డి పితికిన వెంటనే. నిలబడి తింటూ ఉంటుంది.

ప్రశ్న (గుడివాడ ప్రాంతం నుంచి ఒక రైతు): మా ముర్రా గేదె రెండో ఈత. ఈనిన ఇరవై రోజులకు దూడ చచ్చిపోయింది. అప్పటినుంచి ఎగచేపుతోంది. ఊళ్ళో ఒకతను పూటకో ఇంజెక్షన్ వేస్తున్నాడు, వేసిన రెండు నిమిషాల్లో పాలు ధారగా వస్తున్నాయి. వేయకపోతే చుక్క రావడం లేదు. చాలామంది ఇలాగే చేస్తున్నారు కదా అని మేమూ మొదలుపెట్టాం. దీనివల్ల ఏమైనా ఇబ్బందా? మానేయాలంటే ఎలా?

జవాబు: ఇబ్బంది ఉంది, మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. వేయకపోతే చుక్క రావడం లేదన్నారు చూడండి, అదే.

ముందు గేదె ఎందుకు ఇలా చేస్తుందో చెప్తాను. ఆవులో 20 శాతం పాలైనా కిందికి దిగి ఉంటాయన్నాను కదా, గేదెలో అది 5 శాతం కూడా ఉండదు. మొత్తం పాలు తిత్తుల్లోనే ఉంటాయి, చేపితేనే వస్తాయి. చేపు రావడానికి కూడా ఆవు కంటే ఎక్కువ సమయం, రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పైగా గేదె దూడ వాసనకు, రోజూ చూసే మనిషికి, కట్టుగొయ్యకు బాగా అలవాటుపడే జీవం. దూడ పోగానే ఆ పిలుపు పోయింది, అందుకే ఎగచేపు. అది మొండితనం కాదు, దాన్ని కొట్టి ప్రయోజనం లేదు.

మీ ఊళ్ళో వేస్తున్నది ఆక్సిటోసిన్ ఇంజెక్షనే అయి ఉంటుంది. సహజంగా మెదడు వదిలే మోతాదు కంటే అది చాలా ఎక్కువ. రోజుకు రెండు పూటలా అంత మోతాదు రక్తంలో పడుతూ ఉంటే పొదుగు ఆ మోతాదుకే అలవాటు పడుతుంది, ఒంట్లో సహజంగా వచ్చే కొంచెం ఆక్సిటోసిన్‌కు స్పందించడం తగ్గిపోతుంది. ఆవుల మీద చేసిన పరీక్షల్లో కూడా కొన్నాళ్ళు వరుసగా ఇంజెక్షన్ ఇచ్చి ఆపితే సహజమైన చేపు దెబ్బతిందని తేలింది. ఇంజెక్షన్ కొత్తగా పాలు తయారు చేయదని కూడా గుర్తుపెట్టుకోండి, ఉన్నవాటిని బయటికి తోస్తుంది, అంతే. పాలు తయారయ్యేది మేత వల్ల.

మిగతా నష్టాలు కూడా చిన్నవి కావు. లేబుల్ లేని ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే నీళ్ళలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. ఒకే సూది పది కొట్టాల్లో తిరుగుతుంది, పొడిచిన చోట గడ్డలు కడతాయి. ఆక్సిటోసిన్ గర్భాశయాన్ని కూడా బిగించే హార్మోన్, చూడి పశువుకు అసలు వేయకూడదు. చట్టం మాట కూడా చెప్పాలి. ఆక్సిటోసిన్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు. పాలు పెంచుకోవడం కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్లు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం, జైలు శిక్ష కూడా పడొచ్చు, పశువును స్వాధీనం చేసుకోవచ్చు. ఈనాక మొదటి రోజుల్లో తొలిచూలు పశువు అసలు చేపకపోతేనో, పొదుగువాపులో చెడు పాలు పూర్తిగా తీసేయాలంటేనో మేము డాక్టర్లం అప్పుడప్పుడు వాడతాం. అది వైద్యం. పూట పూటకూ వేయడం వైద్యం కాదు.

మానిపించడం కష్టమే కానీ సాధ్యం. ఒక్కసారిగా ఆపితే పాలు పొదుగులోనే మిగిలిపోయి రోజురోజుకీ తగ్గిపోతాయి, పొదుగువాపు కూడా రావొచ్చు. మీ పశువైద్యుణ్ణి పిలిచి మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. కొన్ని గేదెలు సూది పొడిస్తేనే చేపడానికి అలవాటు పడి ఉంటాయి, అలాంటప్పుడు మధ్య మధ్యలో డాక్టరు మందు బదులు స్టెరైల్ సెలైన్ వేసి చూస్తారు. దీంతోపాటు రోజూ ఒకే మనిషి, ఒకే చోట, ఒకే వేళకు పితకాలి. దానికి బాగా ఇష్టమైన దాణా, ఉడికించిన ఉలవలో, తెలగపిండి కలిపిన తవుడో, ఆ వేళకే పెట్టాలి, వేరే వేళ ఆ రుచి చూపించకూడదు. ఆ బకెట్ చప్పుడే కొన్నాళ్ళకు దూడ స్థానంలోకి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళతో రెండు మూడు నిమిషాలు పొదుగు నిమరండి, ఓపిక పట్టండి. వేరే దూడను దగ్గర చేస్తే ఒప్పుకునే గేదెలూ ఉంటాయి, ప్రయత్నించి చూడొచ్చు. మొదటి వారం పాలు తగ్గుతాయి, భయపడి మళ్ళీ ఇంజెక్షన్ అతనికి ఫోన్ చేయకండి.

వచ్చే ఈత నుంచి దూడను పుట్టగానే వేరు చేసి, జున్నుపాలు సీసాతో పట్టించే పద్ధతి ఆలోచించండి. దూడను చూడకుండానే పితికించుకోవడం నేర్చిన గేదెకు దూడ పోయినా చేపు పోదు. కాకపోతే జున్నుపాలు మొదటి గంట రెండు గంటల్లోనే దూడకు పట్టాలి, అందులో రాజీ వద్దు. అసలు దూడ చనిపోకుండా చూసుకోవడమే అన్నిటికంటే ముఖ్యం. పాలకు ఆశపడి దూడ కడుపు మాడ్చడం, ఏలికపాముల మందు పట్టకపోవడం, మన దగ్గర గేదె దూడలు పోవడానికి ఇవే పెద్ద కారణాలు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక తల్లి): పాల కోసం ఇంజెక్షన్లు వేస్తారని, ఆ పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా రజస్వల అవుతారని అందరూ అంటున్నారు. మా పాపకు ఎనిమిదేళ్ళు. పాలు మాన్పించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాన్పించకండమ్మా. ఆక్సిటోసిన్ 9 అమైనో ఆమ్లాలతో తయారైన చిన్న ప్రోటీన్ ముక్కలాంటిది, కడుపులోకి వెళ్ళాక మిగతా ప్రోటీన్ల లాగే అరిగిపోతుంది. పశువు రక్తంలో కూడా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఇంజెక్షన్ వేయని పశువు పాలలో కూడా సహజంగా కొంచెం ఉంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఈ విషయం పరీక్షించి, ఇంజెక్షన్ వల్ల పాలలో ఆక్సిటోసిన్ పెరగడం లేదని చెప్పారు. రజస్వల కావడాన్ని నడిపించే హార్మోన్లు వేరు, ఆక్సిటోసిన్‌కు ఆ పని లేదు. ఈ రోజుల్లో పిల్లల్లో అది ముందుకు జరగడానికి బరువు పెరగడం ఒక ముఖ్య కారణం, పాపకు ఏమైనా లక్షణాలు కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇంజెక్షన్‌ను నేను గట్టిగా వద్దంటున్నది పశువు బాధ చూసి. మీ ఇంటి పాల విషయంలో నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేసిన పశువు పాలు ఆ మందుకు చెప్పిన గడువు దాకా పారబోస్తున్నారా లేదా అని మీ పాలతన్ని అడగండి.

ప్రశ్న (సిద్దిపేట జిల్లా నుంచి ఒక యువ రైతు): సార్, మా జెర్సీ సంకర ఆవు ఈని నాలుగు నెలలవుతోంది. మొదట్లో పూటకు ఎనిమిది లీటర్లు ఇచ్చింది, ఇప్పుడు ఆరు. ఇంతవరకు ఎదకు రాలేదు. పక్కటెముకలు కనబడుతున్నాయి. రెండుసార్లు హార్మోన్ ఇంజెక్షన్లు వేయించాను, లాభం లేదు. ఇంకో కోర్సు వేయించాలా?

జవాబు: పక్కటెముకలు కనబడుతున్నాయని మీరే రాశారు. జవాబు అక్కడే ఉంది తమ్ముడూ.

ఈనాక నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పాలు శిఖరానికి చేరతాయి. కానీ ఆవు ఆకలి అంత తొందరగా పెరగదు, పూర్తిగా తినగలిగే స్థితికి రావడానికి పది పన్నెండు వారాలు పడుతుంది. ఈ మధ్య కాలంలో పాలలో పోయే శక్తి ఎక్కువ, మేతలో వచ్చేది తక్కువ. ఆ లోటును ఆవు తన ఒంట్లో కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. దీన్ని నడిపించేవి హార్మోన్లే. ఆ సమయంలో రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది. పొదుగు గ్లూకోజ్ తీసుకోవడానికి ఇన్సులిన్ అవసరం పెద్దగా ఉండదు, కండకూ కొవ్వుకూ మాత్రం కావాలి. అందుకని ఇన్సులిన్ తగ్గినప్పుడు ఉన్న గ్లూకోజ్ అంతా పాలకు పోతుంది, ఒళ్ళు కరుగుతుంది. దూడను బతికించుకోవడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. మంచి పాల ఆవుల్లో ఇది మరీ ఎక్కువ.

అండాశయం దగ్గరికి వస్తే, అక్కడ గుడ్డు పెరిగి విడుదల కావాలంటే మెదడు నుంచి ఎల్.హెచ్. అనే హార్మోన్ వెంటవెంటనే చిన్న చిన్న విడతలుగా రావాలి. ఒంట్లో శక్తి లేదని ఇన్సులిన్, లెప్టిన్ లాంటి హార్మోన్లు తగ్గి కబురు పెడుతుంటే మెదడు ఆ విడతలను తగ్గించేస్తుంది. తనకే తిండి చాలనప్పుడు ఇంకో కడుపు ఎందుకని ఆగిపోతుంది. ఇలాంటి ఆవుకు బయటి నుంచి హార్మోన్ వేస్తే ఒక్కోసారి ఎదకు వస్తుంది కూడా, కానీ చూడి నిలవడం కష్టం. అండాశయం పనిచేస్తూ ఉండి ఎద సమయం సర్దడానికైతే ఆ ఇంజెక్షన్లు మంచివే, నేను వాడతాను. ఒళ్ళు చిక్కిపోయిన ఆవుకు మాత్రం ముందు మేత, తర్వాత ఇంజెక్షన్.

మీరు వేస్తున్న మేత ఎంతో రాయలేదు. లెక్క ఇలా వేసుకోండి. ఒంటి పోషణకు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాణా, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. బర్రెకైతే రెండు లీటర్లకే ఒక కిలో. అంటే పన్నెండు లీటర్లు ఇచ్చే మీ ఆవుకు ఆరున్నర కిలోల దాకా కావాలి. మంచి పచ్చగడ్డి, ముఖ్యంగా లూసర్న్, పిల్లిపెసర, జనుము లాంటి కాయజాతి గడ్డి ఉంటే దీంట్లో కొంత తగ్గించుకోవచ్చు. ఉట్టి వరిగడ్డి మీద మాత్రం నడవదు. దాణా అంతా ఒకేసారి గుమ్మరించొద్దు, కడుపులో పులుపు ఎక్కి మేత మానేస్తుంది. మూడు నాలుగు విడతలుగా పెట్టండి, అందులో రెండు విడతలు పితికే వేళకు రానివ్వండి. పెంచేటప్పుడు కూడా వారం పది రోజుల మీద నెమ్మదిగా పెంచాలి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములకు తగ్గకుండా దాణాలో కలపండి. ఏలికపాముల మందు తాగించారో లేదో చూసుకోండి.

ఒకసారి డాక్టరుతో గర్భాశయం పరీక్ష కూడా చేయించండి. ఈనినప్పుడు మాయ ఆలస్యంగా పడి ఉంటే లోపల చీము ఉండొచ్చు, అప్పుడు ఎంత మేపినా ఎద కనిపించదు. లోపల బాగానే ఉంటే, ఒళ్ళు తిరగడం మొదలైన మూడు నాలుగు వారాల్లో ఎద రావడం మామూలుగా చూస్తుంటాం. అప్పుడు కూడా రాత్రిపూట, తెల్లవారుజామున గమనించండి. బర్రెల్లో అయితే ఎద లక్షణాలు చాలాసార్లు బయటికి సరిగా కనబడవు, రాలేదు అనుకునేది చాలాసార్లు నిజానికి చూడలేకపోయినదే.

ప్రశ్న (అనంతపురం జిల్లా నుంచి, కొత్తగా డెయిరీ పెట్టిన ఇద్దరు మిత్రులు): సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వదిలి పదిహేను ఆవులతో మొదలుపెట్టాం. రోజుకు మూడుసార్లు పితికితే పాలు పెరుగుతాయని విన్నాం, నిజమేనా? పాటలు పెడితే కూడా పెరుగుతాయట. ఎండాకాలంలో పాలు పడిపోతాయంటున్నారు, దానికి ముందే ఏం చేయాలి?

జవాబు: మూడుసార్లు పితికితే పెరుగుతాయి, మంచి పాల ఆవుల్లో 10 నుంచి 15 శాతం దాకా. పొదుగులో పాలు నిలవ ఉంటే ఆ పాలలోనే ఉండే కొన్ని పదార్థాలు, లోపల పెరిగే ఒత్తిడి కలిసి ఇక తయారీ తగ్గించమని ఆ పొదుగు భాగానికే చెప్తాయి. ఒక పక్క రెండు చన్నులు ఎక్కువసార్లు, ఇంకో పక్క తక్కువసార్లు పితికిన పరీక్షల్లో ఎక్కువసార్లు పితికిన పక్కనే పాలు పెరిగాయి. రక్తంలోని హార్మోన్లు రెండు పక్కలకూ ఒకటే కదా, కాబట్టి ఇది ఆ పక్క పొదుగులోనే జరిగే సంగతి. ఈనిన కొత్తలో మొదలుపెడితే లాభం ఎక్కువ. కానీ పెరిగిన పాలకు తగ్గ మేత లేకపోతే పైన సిద్దిపేట ఆవుకు జరిగిందే మీ ఆవులకూ జరుగుతుంది. పది లీటర్ల లోపు ఆవులకు ఆ కూలి గిట్టదు, రెండు పూటలా పూర్తిగా పితికితే చాలు.

పాటల గురించి 2001లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్ష చేశారు, నెమ్మదైన సంగీతం వినిపిస్తే ఆవుకు రోజుకు 0.73 లీటర్లు ఎక్కువ వచ్చాయని చెప్పారు. 2009లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు రైతులను అడిగి చూస్తే, పేర్లు పెట్టి పిలిచే మందల్లో ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ ఉన్నాయి. గౌరి అని పిలవగానే పాలు పెరిగాయని కాదు దీని అర్థం. పేరు పెట్టుకున్న రైతు దాన్ని దగ్గరగా చూస్తాడు, నిమురుతాడు, అది మనిషికి భయపడదు, మిగతాది ఆక్సిటోసిన్ చూసుకుంటుంది. మీవి పదిహేనే, అన్నిటికీ పేర్లు పెట్టండి. పాట పెట్టాలనుకుంటే రోజూ పెట్టండి, ఒక రోజు ఉండి ఒక రోజు లేకపోతే అదే వాటికి కొత్త చప్పుడవుతుంది.

ఎండ సంగతి అనంతపురంలో చాలా ముఖ్యం. వేడికి ఆవు తిండి తగ్గిస్తుంది, అందుకే పాలు తగ్గుతాయని అనుకుంటాం. అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు చల్లని చోట ఉంచిన ఆవులకు కూడా వేడిలో ఉన్న ఆవులు తిన్నంతే పెట్టి చూశారు. పాలు పడిపోవడంలో తిండి తగ్గడం వల్ల వచ్చింది దాదాపు సగమే. మిగతా సగం వేడి నేరుగా చేసే పని. తక్కువ తిన్న ఆవులో ఇన్సులిన్ తగ్గి కొవ్వు కరగాలి, వేడిలో ఉన్న ఆవులో అలా జరగదు, ఇన్సులిన్ తగ్గకుండా ఉండి గ్లూకోజ్ పాలకు పోకుండా ఒంట్లోనే ఖర్చవుతుంది. అంటే ఉట్టి దాణా పెంచితే వేసవి పాలు తిరిగి రావు, ముందు ఆవును చల్లబరచాలి. ఎత్తైన పైకప్పు, మీద కొబ్బరాకులో చెరకు ఆకులో, నీడ, ఫ్యాను, ఒళ్ళు తడిపే నీళ్ళు, ఎప్పుడూ చల్లగా ఉండే తాగునీరు. తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక మేత ఎక్కువ పెట్టండి. పితికే వేళలు కూడా ఆ చల్లని పూటలకే జరుపుకోండి, జరిపాక మళ్ళీ మార్చకండి.

ప్రశ్న (ఒంగోలు దగ్గర నుంచి): పాల కేంద్రంలో మా ఆవు పాలకు వెన్న 3 కూడా రావడం లేదు. దూడకు చివరి పాలు వదిలేస్తాం, అది పాపం కాదు కదా. వెన్న పెరగడానికి ఏం పెట్టాలి?

జవాబు: దూడకు వదలడం పుణ్యమే, కానీ మీ వెన్నంతా అక్కడికే పోతోంది. మొదటి ధారల్లో వెన్న 1, 2 శాతమే ఉంటుంది, చివరి ధారల్లో 7, 8 దాకా పోతుంది. చేపు సరిగా రాకుండా పితికినా ఇదే నష్టం, వెన్న ఉన్న పాలు లోపలే ఉండిపోతాయి. దూడను మొదట్లో కాసేపు కుడవనిచ్చి, తర్వాత పూర్తిగా పితికి, దూడకు కావలసిన పాలు, దాని బరువులో పదో వంతు, కొలిచి గిన్నెతో పట్టండి. దూడకు కడుపు నిండుతుంది, మీకు వెన్న మిగులుతుంది. మేతలో ఎండు మేత తగ్గి దాణా మరీ ఎక్కువైనా వెన్న పడిపోతుంది. జొన్న చొప్ప చిన్న ముక్కలుగా కొట్టి పెట్టండి, మరీ పిండిలా కొట్టకండి.

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు): మా ఆవు ఏడో నెల చూడి. ఇంకా మూడు లీటర్లు ఇస్తోంది. ఇచ్చినన్నాళ్ళు పితుక్కోవచ్చా? ఆపాలంటే ఎలా?

జవాబు: ఈనడానికి రెండు నెలల ముందు ఆపేయాలమ్మా, మూడు లీటర్లకు ఆశపడితే వచ్చే ఈతలో అయిదో వంతు దాకా పాలు పోగొట్టుకుంటారు. ఆ రెండు నెలల్లో పొదుగులోని పాత కణాలు పోయి కొత్తవి వస్తాయి. ఆపే ముందు వారం రోజులు దాణా బాగా తగ్గించి, ఎండుగడ్డి మీద ఉంచండి, నీళ్ళు మాత్రం తగ్గించకండి. తర్వాత ఒక రోజు పూర్తిగా పితికి, డాక్టరు చేత నాలుగు చన్నుల్లోకీ మందు ట్యూబులు ఎక్కించి, అంతటితో ఆపేయండి. మూడు నాలుగు రోజులు పొదుగు ఉబ్బుతుంది, ఊళ్ళో వాళ్ళు కొంచెం పిండమంటారు, పిండొద్దు. పిండితే ఇంకా కావాలన్న కబురు వెళ్ళి మళ్ళీ తయారీ మొదలవుతుంది. ఆ ఒత్తిడే పొదుగుకు ఆపమని చెప్తుంది, లోపలి పాలు మెల్లగా ఒంట్లోకే ఇంకిపోతాయి. పొదుగు వేడిగా, ఎర్రగా ఉండి ఆవు మేత మానేస్తే మాత్రం ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి దాణా మళ్ళీ కొద్దికొద్దిగా, అరకిలోతో మొదలుపెట్టి పెంచుకుంటూ రండి, ఈనాక ఒక్కసారిగా పెట్టే దాణాను దాని కడుపు తట్టుకోలేదు.